విప్పిన చుట్లు

మా పెద్దొదినకి ఓర్వలేనితనం పుట్టుకతోనే వచ్చింది. ఇది నేను చాటున చెప్పే చాడీ కాదు. ఆవిడ ముఖం మీదే ఎన్నోసార్లు అన్నాను, ఆవిడా కాదనలేదు. ఎదురింటివాళ్ళు బాల్కనీలో కొత్త పూలకుండీ పెడితే ఈవిడకి ఆ పూట భోజనం సహించదు. సొంత చెల్లెలు జుట్టు కత్తిరించుకుని ఫోటో పంపిస్తే, "దానికేం, మెడ పొడుగు, ఏదైనా నప్పుతుంది" అని సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది. ఒకసారి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, పక్క మంచం ఆవిడని చూడ్డానికి ఎక్కువమంది వస్తున్నారని మా అందరి మీదా అలిగింది. అయినా ఆవిడంటే నాకు ప్రాణం. ఆడపడుచుని అయ్యుండి ఈ మాట అంటున్నానంటే మీరు నమ్మాలి.

మాది గిటార్లు బాగుచేసే షాపు. కింద షాపు, పైన ఇల్లు. వినడం పెద్దన్నయ్య పని, కోయడం, అతకడం చిన్నన్నయ్య పని, చెక్క నునుపు చేసి రంగు వెయ్యడం నా పని. ఎలక్ట్రిక్ గిటారుకి తీగల కింద పికప్ అని ఒక చిన్న పెట్టెలాంటిది ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ, వేల చుట్లు. ఆ చుట్టనే కాయిల్ అంటారు. పైన తీగ వణికితే ఆ వణుకుని పట్టుకుని స్పీకరుకి పంపేది అదే. ఒక్క కాయిలే ఉంటే పాటతో పాటు కరెంటు గుయ్యిమనే రొద కూడా వస్తుంది. అందుకే హంబకర్ అనేదాంట్లో రెండు కాయిళ్ళు పక్కపక్కన పెట్టి ఎదురెదురుగా కలుపుతారు. ఒకదాని రొదని రెండోది మింగేస్తుంది. అలా మింగాలంటే రెండూ సరిసమానంగా ఉండాలన్నది మా ఇంట్లో అందరికీ నోటికొచ్చిన పాఠం.

ఆ కాయిళ్ళు చుట్టేది పెద్దొదిన. పెళ్ళికి ముందు ఫ్యాను మోటార్లు తయారుచేసే చోట తీగ చుట్టే పని చేసేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, పెద్దన్నయ్య మెషీను ముందు కూర్చుని తీగ తెంపుకుంటూ, తిట్టుకుంటూ ఉంటే వెనకనుంచి కాసేపు చూసిందట. చూసి చూసి, "మీరు లేవండి" అందట. ఆయన లేచాడు, ఈవిడ కూర్చుంది. అప్పట్నుంచీ కిటికీ పక్క కుర్చీ, ఆ మెషీను ఆవిడవే. మెషీనుకి నూనె ఇంకొకరు వేస్తే ఒప్పుకోదు. కుర్చీలో ఇంకెవరైనా కూర్చుని లేస్తే ఒకసారి దులిపి గానీ కూర్చోదు. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్యనుంచి తీగ జారుతుంటే ఆవిడ కళ్ళు కిటికీలోంచి ఎదురింటి బాల్కనీ మీదే ఉంటాయి, కానీ చెయ్యి మాత్రం ఎక్కడా తప్పదు.

కాయిల్ అయ్యాక తీగ ఎంత పట్టిందో మీటరు పెట్టి కొలిచేదీ ఆవిడే. "సరిపోయాయి" అందంటే చిన్నన్నయ్య రెండింటినీ కలిపి పికప్ బిగిస్తాడు. తరవాత పరీక్ష. మా దగ్గర పరీక్షల కోసమే ఒక ముసలి గిటారు ఉంది. దాని వీపు వైపు చిన్నన్నయ్య చదరంగా కోసి పెట్టాడు, తీగలు విప్పే పని లేకుండా వెనకనుంచే ఒక పికప్ తీసి ఇంకోటి దూర్చెయ్యొచ్చు. పెద్దన్నయ్య గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఏది పెట్టారో ఆయనకి చెప్పకూడదు. వాయించే ముందు స్క్రూలు తిప్పి, పికప్‌ని తీగలకి దగ్గరగానో దూరంగానో జరిపి, అన్నిటి మోతా ఒకే స్థాయికి తేవాలి. ఎక్కువ మోగేదే మంచిదని చెవి మోసపోతుంది కదా, అందుకని పెద్దొదినే పెట్టిన నియమం ఇది. అంతా అయ్యాక పెద్దన్నయ్య ఇటు తిరిగి, "సరే" అంటాడు. ఎలా చుట్టావని ఎంతసేపైనా ఆరా తీస్తాడుగానీ, ఇన్నేళ్ళలో ఆవిడ చేసిన ఏ పికప్‌కీ ఆయన నోటినుంచి మెచ్చుకోలుగా అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ రాలేదు. ఆయన తీరే అంత. పెళ్ళిచూపుల్లో కూడా "సరే" అనే అన్నాడు.

ఇంతలో చిన్నన్నయ్యకి పెళ్ళయింది. చిన్నొదిన మెత్తటి మనిషి, గట్టిగా మాట్లాడితే తనే ఉలిక్కిపడే రకం. ఊరికే కూర్చోలేక, "అక్కా, నాకూ నేర్పవా" అని పెద్దొదిన చుట్టూ తిరిగేది. పెద్దొదిన నేర్పింది. కడుపులో ఏమీ పెట్టుకోకుండానే నేర్పింది, ఆ మాట చెప్పుకోవాలి. తీగని ఎలా పట్టుకోవాలో, తెగితే ఎలా అతకాలో, అన్నీ. తీరా ఆ పిల్ల సొంతంగా చుట్టిన మొదటి పికప్‌ని పరీక్ష గిటారులో పెట్టి వాయిస్తే, పెద్దన్నయ్య ఇటు తిరిగి నవ్వాడు.

"బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నాడు.

నేను పెద్దొదిన వైపు చూశాను. ముఖాన నెత్తురుచుక్క లేదు. ఆ పూట వంటింట్లో గిన్నెలు చేసిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. నేను వెళ్ళి, "వదినా, గిన్నెలేం పాపం చేశాయి" అన్నాను. "మీ అన్నయ్యకి బాగుంది అనే మాట వచ్చని నాకిన్నాళ్ళూ తెలీదు. నోట్లో లేదేమో పాపం అనుకున్నా. ఉందట, దాచిపెట్టుకున్నాడు" అంది. కళ్ళు తుడుచుకుని, "ఉల్లిపాయలు" అంది. అక్కడ ఉల్లిపాయలు లేవు.

అప్పట్నుంచి మెషీను దగ్గర రోజూ పేచీయే. చిన్నొదిన కూర్చోబోతే పెద్దొదినకి సరిగ్గా అప్పుడే చుట్టాల్సిన కాయిల్ గుర్తొచ్చేది. ఉన్నది ఒక్క మెషీను. పెద్దన్నయ్యకి విసుగొచ్చింది. అదే సమయానికి పొడుగాయన వచ్చాడు.

పొడుగాయన హోటళ్ళలో బ్యాండుతో వాయిస్తాడు. మా గుమ్మం కింద తల వంచి రావాల్సిన మనిషి గనక ఆ పేరు. ఆయన గిటారులో బ్రిడ్జి దగ్గరి, అంటే తీగలు కింద ఆనేచోటి హంబకర్ చచ్చిపోయింది. లోపల ఒక కాయిల్ తెగింది. "దీని బదులు ఇంకోటి కావాలి. కానీ పాతదానిలాంటిది కాదు. పాతది గట్టిగా మోగేదేగానీ అన్ని తీగలూ కలిపి వాయిస్తే ముద్దయిపోయేది. నాకు స్వరాలు విడివిడిగా వినపడాలి" అన్నాడు.

పెద్దన్నయ్య ఇద్దరినీ పిలిచాడు. "చెరొకటి చుట్టండి. ఆయనే వాయిస్తాడు, నేను వింటాను. ఎవరిది తీసుకుంటే వాళ్ళు మెషీను దగ్గర. రెండోవాళ్ళు ముందు గదిలో కౌంటరు చూసుకోండి. ఈ రోజువారీ గొడవ నావల్ల కాదు" అన్నాడు. మెత్తటి మనిషి ఒకసారి గట్టిగా మాట్లాడితే ఎంత తెలివితక్కువగా మాట్లాడతాడో అప్పుడే చూశాను. ఆ మాటే ఆయనతో అన్నాను కూడా, వినలేదు.

ఇద్దరూ చుట్టారు. ఇద్దరి కాయిళ్ళూ పెద్దొదినే కొలిచింది. "సరిపోయాయి" అంది, నిజంగానే సరిపోయాయి. కాయిళ్ళు ట్రేలో పెట్టి అందరం భోజనానికి పైకి వెళ్ళాం. తిన్నాక చిన్నన్నయ్య కునుకు తీశాడు, పెద్దన్నయ్య పేపరు ముఖం మీద వేసుకున్నాడు. పెద్దొదిన మాత్రం మంచినీళ్ళ వంకతో కిందికి దిగింది. అక్కడ ఏం జరిగిందో ఆవిడే తరవాత బయటపెట్టింది. కానీ మీకు ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు.

చిన్నొదిన కాయిల్ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసిందట. చుట్టు పక్కన చుట్టు, ఎంత ఒద్దికగా ఉందో చూసేసరికి కడుపు రగిలిపోయింది. టేపు విప్పింది, చివర టంకం ఊడదీసింది, తీగ పట్టుకుని చుట్లు లాగేసింది. తీగ గుప్పెట్లోకి ఉండలా వచ్చేదాకా లాగింది. ఒక కాయిల్‌లో తీగ తగ్గితే పికప్ బలం తగ్గుతుంది, రెండు కాయిళ్ళకీ పొత్తు కుదరదు, రొద పైకొస్తుంది, పొడుగాయన ముఖం చిట్లిస్తాడు. అదీ ఆవిడ లెక్క. మళ్ళీ టంకం వేసి, టేపు చుట్టేసి, చేతిలోని తీగని చెత్తబుట్టలో వేసి, మంచినీళ్ళు తాగడం కూడా మర్చిపోయి పైకి వచ్చేసింది.

సాయంత్రం పరీక్ష. పెద్దన్నయ్య గోడవైపు తిరిగాడు. చిన్నన్నయ్య మొదట పెద్దొదిన పికప్ దూర్చాడు. పొడుగాయన వాయించాడు. గుండ్రంగా, నిండుగా ఉంది, ఎక్కడా పేరు పెట్టడానికి లేదు. తరవాత రెండోది పెట్టి, స్క్రూలు తిప్పి, మోత సమానం చేశారు. మామూలుగా కన్నా చాలా పైకి తిప్పాల్సి వచ్చింది. పొడుగాయన అవే వేళ్ళతో అదే ముక్క వాయించాడు.

నాకు చెవి లేదంటారు మా ఇంట్లో. నాకే తెలిసింది. ఆరు తీగలూ కలిపి కొట్టినా ఆరూ వేటికవి నిలబడ్డాయి. గాలి ఆడని గదిలో ఎవరో కిటికీ తీసినట్టుంది. పొడుగాయన ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడు. చిన్నన్నయ్య, "కాస్త గుయ్యిమంటోంది కదూ" అన్నాడు. "ట్యూబులైటు ఆర్పెయ్. దానివల్లే" అన్నాడు పెద్దన్నయ్య గోడవైపు నుంచే. ఆ మాత్రం రొద ఉంటే తనకేం ఇబ్బంది లేదన్నాడు పొడుగాయన.

"రెండోది" అన్నాడు పెద్దన్నయ్య. "రెండోదే" అన్నాడు పొడుగాయన.

తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో నాకు ఆ రోజు దాకా తెలీదు. పెద్దొదిన చూపు కిటికీవైపు తిప్పేసుకుంది. ఓడిపోయినందుకు బాధపడుతోందని అందరం అనుకున్నాం. చిన్నొదిన వచ్చి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని ముందు గదిలోకి వెళ్ళి కౌంటరు వెనక కూర్చుంది.

కౌంటరులో ఆవిడని మీరు చూడాలి. తీగలు కొనడానికి వచ్చినవాళ్ళని వాళ్ళేదో నేరం చేసినట్టు చూసేది. లోపలనుంచి మెషీను తిరుగుతున్న చప్పుడు వస్తే మాట మధ్యలో ఆగి, "బిగువు ఎక్కువైంది, తెగుతుంది చూడు" అనేది. నిజంగా తెగితే ముఖం వెలిగిపోయేది. తెగకపోతే ఆ పూటంతా నా పాలిష్‌కి వంకలు పెట్టేది.

కొన్నాళ్ళకి పొడుగాయన మళ్ళీ తల వంచుకుని వచ్చాడు. "గిటారు మెడ దగ్గరి పికప్ కూడా మార్చెయ్యండి. అచ్చం ఆ చేత్తోనే కావాలి" అని గిటారు వదిలి వెళ్ళాడు. చిన్నొదిన కూర్చుంది, చుట్టింది. పెద్దన్నయ్య విని, "ఇది అది కాదమ్మా" అన్నాడు. పొడుగాయన గిటారులో ఉన్న మొదటిదానికి మీటరు పెట్టి చూస్తే మొత్తం కాస్త తక్కువ చూపించింది. మీటరు మొత్తం ఎంతో చెబుతుందిగానీ ఏ కాయిల్ వాటా ఎంతో చెప్పదు. రెండు కాయిళ్ళూ కొంచెం కొంచెం తగ్గించి చుట్టమన్నాడు. చుట్టింది. అదీ కాదు. ఇంకోటి చుట్టింది. అదీ కాదు. ఆ పిల్ల వేళ్ళు తీగకి కోసుకుపోయాయి, తిండి తగ్గింది, మనిషి సగమైపోయింది.

ముందు గదిలో పెద్దొదినకి మాత్రం కడుపు చల్లబడింది. కూనిరాగాలు కూడా మొదలుపెట్టింది. ఇంకొక్కటి తప్పితే మెషీను దానంతట అదే తన దగ్గరికి తిరిగొస్తుంది. ఆవిడ చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే.

పొడుగాయన గిటారు కోసం వచ్చిన రోజు అందరం లోపలే ఉన్నాం. పెద్దొదిన కూడా టీ ఇచ్చే వంకతో వచ్చి గుమ్మంలో నిలబడింది. చిన్నొదిన చేసిన ఆఖరి పికప్ కూడా కుదరలేదు. పెద్దన్నయ్య కుర్చీ ఇటు తిప్పుకుని తల పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళుగా వింటున్నాను. ఆ మొదటిదానిలాంటిది మన షాపులో ఎప్పుడూ రాలేదు. బయట కూడా నేను వినలేదు. అది చేసిన చేతికి దండం పెట్టాలి. ఏం చేశావో కాస్త గుర్తుతెచ్చుకోమ్మా" అన్నాడు.

టీ గ్లాసులు బల్ల మీద పెట్టేసింది పెద్దొదిన. ఆవిడ మెడ ఎర్రబడటం నేను చూశాను. మెషీను ఎటూ తనదే కాబోతోంది, ఇంకొక్క క్షణం ఓపిక పడితే చాలు. కానీ దండం పెట్టాలన్న మాట ఆయన నోటినుంచి వచ్చి, ఆవిడని దాటుకుని వెళ్ళి, ఆ పిల్ల ఒళ్ళో పడింది. అది భరించడం ఆవిడవల్ల కాలేదు.

"దానికేం గుర్తుంటుంది. అది చేస్తేగా" అంది. "ఆ చెయ్యి నాది. మీరంతా పడుకున్నప్పుడు దాని కాయిల్ విప్పి చుట్లు లాగేశాను. ఒక్క కాయిలే. పాడుచేద్దామని లాగాను. అది బాగుపడి కూర్చుంది, నా ఖర్మ."

పెద్దన్నయ్య తిడతాడనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

"రెండు కాయిళ్ళూ సమానంగా లేకపోవడంవల్లే స్వరాలు విడిపడ్డాయన్నమాట. పికప్‌లో రెండిటినీ కలిపిన జాయింటు విప్పి ఒక్కో కాయిల్ విడిగా కొలిస్తే మొదటి రోజే తెలిసిపోయేది. అసలా ఆలోచనే నాకు రాలేదు. నువ్వు సరిపోయాయి అన్నావు. నువ్వన్నాక నేను మళ్ళీ కొలవడమేమిటి? పెళ్ళయినప్పటినుంచి ఎప్పుడైనా కొలిచానా?" అన్నాడు.

ఆవిడకి అప్పుడు ఏడుపొచ్చింది. ఈసారి ఉల్లిపాయల పేరు చెప్పలేదు. ఆయన ఏ రోజూ మెచ్చుకోలేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. ఆయన ఏ రోజూ అనుమానించలేదన్నది ఆవిడ లెక్కలోకే రాలేదు. ఇప్పుడు ఆ నమ్మకం పోగొట్టుకున్నాక తెలిసింది. నాకూ కళ్ళు చెమర్చాయి, కోపమూ వచ్చింది. ఆ మాట ఈయన ముందే ఒకసారి అని ఉంటే మాకీ రభస ఉండేది కాదు.

పొడుగాయన టీ గ్లాసు తీసుకుని, "ఎవరు పాడుచేశారన్నది నాకు అనవసరం. రెండోది కూడా అలాగే పాడుచేసి పెట్టండమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన గిటారు అక్కడే వదిలి, గుమ్మం కింద తల వంచుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు మెషీను ముందు కుర్చీలో ఉన్న చిన్నొదిన ఇటు తిరిగింది. "నాకు తెలుసక్కా" అంది.

అందరం అటు తిరిగాం.

"గిటారు తిరిగొచ్చిన రోజే పికప్ బయటికి తీసి చూశాను. నేను టేపు చివర కత్తిరించి అంటిస్తాను. నువ్వు లోపలికి మడుస్తావు. ఒక కాయిల్‌కి మడిచి ఉంది."

"తెలిస్తే మరి జాయింటు విప్పి కొలవకపోయావా?" అన్నాడు చిన్నన్నయ్య. "వేళ్ళు కోసుకుంటూ ఎందుకిదంతా?"

"కొలిస్తే అది నా పని కాదని బావగారికి తెలిసిపోతుందిగా" అంది. ముఖం కందిపోయింది. చెప్పడం మొదలుపెట్టాక ఆ పిల్ల కూడా ఆగలేకపోయింది. "బావగారు నన్ను బాగుందమ్మా అని పంపించేస్తారు, బొమ్మ గీసి చూపించిన చిన్నపిల్లని పంపించినట్టు. అక్క చేసింది విన్నప్పుడు అలా కాదు. ఎక్కడ బిగువు తగ్గించావు, ఏ తీగ వాడావు అని గంటలు గంటలు మాట్లాడతారు. ఆ కుర్చీలో కూర్చుంటే నాతోనూ అలా మాట్లాడతారనుకున్నాను. అక్కని చూస్తే నాకు కుళ్ళు. ఎంత కుళ్ళంటే, అక్క మెషీను తిప్పుతుంటే తీగ తెగిపోవాలని పక్క గదిలో కూర్చుని కోరుకునేదాన్ని."

అన్నయ్యలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటికి వాళ్ళకి చేతనైంది అంతే. నేను పెద్దొదిన వైపు చూశాను. ఇప్పుడు ఒంటికాలి మీద లేస్తుంది, పొడుగాయన గిటారు ఎక్కడైనా దాచాలి అనుకున్నాను. ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నోరు బిగించి ఉంది, కానీ బుగ్గలు మాట వినడం లేదు. ఇంతకాలం ఊళ్ళో అందరి మీదా తనే కుళ్ళుకుంటూ వచ్చిందిగానీ, తనని చూసి కూడా ఒకరు కుళ్ళుకోవచ్చని ఆవిడకి ఎన్నడూ తట్టలేదు.

"నన్ను చూసా?" అంది. "నిజంగా?"

చిన్నొదిన తలూపింది.

"ఎప్పట్నుంచే?"

"వచ్చినప్పట్నుంచీ."

పెద్దొదిన నా పాలిష్ బల్ల దగ్గరున్న కుర్చీ లాక్కొచ్చి, మెషీను పక్కన, ఆ పిల్లకి మోకాలు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుంది. చల్లారిపోతున్న టీ ఒకటి దాని చేతికిచ్చి, ఇంకోటి తను తీసుకుంది.

"మొదట్నుంచీ చెప్పు. ఏదీ వదలకు" అంది.